తెరిపి ఇచ్చిన రోజు

ఇంటి నుంచి, మేడమీది గది

చిట్టీ,

అందరం క్షేమం అని మొదలుపెట్టడం చేతికి అలవాటైపోయింది. పెన్ను ఆ మాట దగ్గరికే పోతోంది. బలవంతంగా పక్కకి తిప్పుకుని రాస్తున్నాను.

నువ్వు రోజూ ఫోను చేస్తున్నావు. నేను ఎత్తి, మాట్లాడకుండా అత్తయ్య చేతిలో పెట్టేస్తున్నాను. కోపం అనుకోకు. నీ గొంతు అచ్చం మీ అన్నయ్య గొంతులాగే ఉంటుంది. నువ్వు ‘హలో’ అనగానే ఆయనకి జవాబివ్వబోతున్నాను. అత్తయ్యకా, సగం వినబడదు, మిగతా సగం ఆవిడే కల్పించుకుంటుంది. అందుకే ఉత్తరం.

నువ్వు వచ్చి ఉన్నన్నాళ్ళూ ఇల్లంతా జనం. మనిద్దరం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఆ రోజు సంగతి నీకు ఎవరెవరో చెప్పి ఉంటారు. నేను చెప్పలేదు కదా, ఇప్పుడు చెబుతాను.

ఈ ఏడు వానలు ఎంతకాలం పట్టాయో నీకే బాగా తెలుసు, కొలిచేది నువ్వే కాబట్టి. వాన పట్టిందంటే మీ అన్నయ్య మనిషి కాడని మనందరికీ తెలిసిందే. బోర్డు మీద రంగు ఆరదు, పని తెమలదు, దుప్పటి ముసుగుతన్ని పడుకుంటారు. ‘వాన జబ్బు’ అని నవ్వుకునేవాళ్ళం. ఈసారి నవ్వులాట కాలేదు. ఒకరోజు గోడవైపు తిరిగి పడుకునే, “నేను లేకపోతే నీకెంత తెరిపిగా ఉంటుందో కదా” అన్నారు. నేను “నోరు మూసుకోండి” అన్నాను.

అప్పటినుంచీ కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాశాను. కుట్టుమిషను ఆయన బోర్డులు రాసే షెడ్డులోకే లాక్కెళ్ళి అక్కడే స్కూలు బట్టలు కుట్టాను. ఆయన స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి ఏదో ఒకటి అడుగుతూ ఉండేదాన్ని.

“సబ్బుందా?”

“ఉంది.”

“నీళ్ళు కాగాయా?”

“కాగాయే తల్లీ! వీపు కూడా రుద్దుతావా ఏం?”

అలా వానంతా గట్టెక్కించాను.

ఆ రోజు తెల్లారేసరికి ఎండ. కిటికీలన్నీ తెరిచాం. ఆయన గడ్డం గీసుకున్నారు. పళ్ళ డాక్టరు బోర్డు, చెప్పులకొట్టు బోర్డు బయటికి తెచ్చి గోడకి ఆనించారు. రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. దారం అయిపోయిందంటే, “పోయి తెచ్చుకో. బట్టలు ఇవ్వకపోతే స్కూలువాళ్ళు నిన్ను బెంచీ ఎక్కిస్తారు” అన్నారు. ఈలవేశారు చిట్టీ. ఎన్నాళ్ళకో ఈల విన్నాను.

దారం కొట్టులో అడగకపోయినా చెప్పాను, “మా ఆయన లేచారండీ” అని. కొట్టతనికి పాపం ఏం అర్థమైందో, “మంచిదమ్మా” అన్నాడు. ఇంకా చిల్లర తీసుకోలేదు, పక్కింటి వడ్రంగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఉలి. ఎవరినో కొట్టడానికి పోతున్నాడనుకుని పక్కకి జరిగాను. నా ముందే ఆగాడు. “అక్కా, ఇంటికి రా” అన్నాడు. అంతే.

ఎలా అన్నది రాయను. నువ్వూ అడగకు.

నువ్వు గాలినీ వాననీ కొలిచేదానివి. నాకు ఒక్కటి చెప్పు. వానంతా బతికిన మనిషి ఎండ కాయగానే ఎందుకు పోయాడు?

నీ వదిన



కొండమీది వాతావరణ కేంద్రం నుంచి

వదినా,

నీ ఉత్తరం ఆఫీసు డాబా మీద, గాజుగోళం పక్కన నిలబడి చదివాను. దాని సంగతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. ఎండ ఎంతసేపు కాసిందో అది చెబుతుంది. గోళం ఎండనంతా ఒక చుక్కగా చేసి కిందనున్న అట్టముక్క మీద పడేస్తుంది. ఎండ ఉన్నంతసేపూ అట్టమీద సన్నటి గీతగా కాలుతూ పోతుంది. మబ్బు అడ్డం రాగానే ఆగిపోతుంది. వానాకాలమంతా మా అట్టలు కొత్తవి కొత్తవిగానే ఉండిపోయాయి. ఆ రోజు అట్ట ఈ చివరినుంచి ఆ చివరిదాకా కాలింది. ఎక్కడా తెగలేదు.

ఆ అట్ట మార్చింది నేనే. “ఎన్నాళ్ళకి!” అని ఆఫీసంతా తిప్పి చూపించాను. అందరికీ టీ తెప్పించాను. నేనిక్కడ టీ తాగుతుంటే అక్కడ వడ్రంగి ఉలి పట్టుకుని నీకోసం వెతుకుతున్నాడన్నమాట. అప్పటినుంచి టీ ముట్టుకోలేదు.

నువ్వడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నా దగ్గరా ప్రశ్నలే ఉన్నాయి. అన్నయ్య అంత మాట అన్నాడని నాకొక్క ముక్క ఎందుకు రాయలేదు? డాక్టరుకి ఎందుకు చూపించలేదు? అన్నాళ్ళు నీడలా వెంట ఉన్నదానివి, ఆ ఒక్కరోజు ఎందుకు వదిలి వెళ్ళావు? దారం అంత అవసరమా?

రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయడం లేదు. లోపల పెట్టుకుంటే పిచ్చెక్కేట్టుంది.

చిట్టి



ఇంటి నుంచి

చిట్టీ,

ఎందుకు వదిలానంటే ఎండ కాసింది కాబట్టి.

అత్తయ్య కులాసా.

వదిన



వాతావరణ కేంద్రం నుంచి

వదినా,

నీ మూడు ముక్కల ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయడానికి మొహం చెల్లలేదు. నేను రాసిన మాటలు ఏ శత్రువూ రాయడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు తిట్టలేదు, జవాబు చెప్పావు. ఆ జవాబుతో చెంపమీద కొట్టినట్టయింది. నన్ను క్షమించు.

ఇప్పుడు ఒక సంగతి రాస్తాను. చదివేముందు కూర్చో.

మా కొలతలు ప్రతినెలా ఇక్కడి పెద్దాసుపత్రికి వెళతాయి. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. దోమలకీ జ్వరాలకీ లింకు చూస్తారు కాబోలు అనుకునేదాన్ని. ఈసారి నేనే పట్టుకెళ్ళాను. తీసుకునేది మానసిక వైద్యురాలు. పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని మనిషిని దానిమీదుగా చూస్తుంది.

“ఇవి మీకెందుకండీ?” అన్నాను.

“ప్రాణం తీసుకోబోయినవాళ్ళు మా దగ్గరికి వస్తారు కదమ్మా. వాళ్ళు ఏ రోజుల్లో వచ్చారు, ఆ రోజుల్లో ఎండెంత, వేడెంత, వానెంత అని పక్కపక్కన పెట్టి చూస్తున్నాం” అంది.

నాకు ఎదురుగా ఉన్న కుర్చీ కనబడలేదు వదినా. ఆవిడే లేచి వచ్చి కూర్చోబెట్టింది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అంకెలు వేసి పంపిస్తున్నాను. వాటి పక్కన ఏం రాస్తున్నారో నాకు తెలియదు. మంచినీళ్ళు తాగాక అన్నయ్య సంగతి చెప్పాను.

“వానాకాలం దిగులుకే కదండీ మనుషులు అలా చేసేది? మరి ఎండలో ఎందుకు?” అన్నాను.

“అందరూ అలాగే అనుకుంటారు. చదువుకునే రోజుల్లో నేనూ అనుకున్నాను. చాలా దేశాల్లో చూస్తే చీకటి నెలల్లో కాదు, పొద్దు పొడుగవుతూ ఎండ ముదిరే నెలల్లో ఎక్కువగా కనబడింది. వేడి పెరిగితే పెరుగుతుందన్నవాళ్ళూ ఉన్నారు. కొన్నిచోట్ల అదేమీ కనబడలేదు. ఎందుకో గట్టిగా ఎవరికీ తెలియదు.”

“మీకేమనిపిస్తుంది?”

“దిగులు జబ్బు ఒంట్లో సత్తువ కూడా లాగేస్తుంది. కాలం మారినప్పుడు సత్తువ ముందొచ్చి, మనసు వెనకబడిపోతుందేమో. ఊరంతా తేరుకుంటే నేను మాత్రం తేరుకోలేదేమని ఇంకా కుంగుతారేమో. ఏమోనమ్మా. నా వృత్తిలో ‘ఏమో’ అనే మాట మందులకన్నా ఎక్కువ వాడతాను.”

“అయితే మా అన్నయ్యని ఎండ చంపిందా?”

ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. “ఆ ఎండ ఊరందరి మీదా కాసింది కదమ్మా. మీ అన్నయ్యకున్నది జబ్బు. వైద్యం ఉన్న జబ్బు. వాతావరణం దాన్ని ఒక తోపు తోసిందేమో. ఒక్క మనిషి విషయంలో తోసిందో లేదో చెప్పడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. మీ వదినగారితో ఈ మాట చెప్పండి. ఆవిడ మార్కెట్టుకి వెళ్ళినందుకు ఇది జరగలేదు.”

చెబుతున్నాను వదినా. నువ్వు మార్కెట్టుకి వెళ్ళినందుకు ఇది జరగలేదు.

వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి ఇంకోమాట అంది. “ఇంట్లో ఇంకెవరి మీదైనా మీకు బెంగగా ఉంటే తిన్నగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నదానికి నోరొస్తుంది.”

నాకు అమ్మ మీదే బెంగ. కొడుకు పోయాక ఒక్క బొట్టు కన్నీరు కూడా రాలేదు, నేను అక్కడున్నన్నాళ్ళూ చూశాను. అమ్మని కాస్త కనిపెట్టుకుని ఉండు. అడగగలిగితే అడుగు.

చిట్టి



ఇంటి నుంచి

చిట్టితల్లికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎంత మంచి డాక్టరమ్మ! నువ్వు అడగమన్నావు కదా అని అత్తయ్యని అడిగేశాను. చెవి దగ్గర నోరు పెట్టి, “అత్తయ్యా, మీకు బతకాలని ఉందా?” అన్నాను. “ఉడకబెట్టావా? ఏం ఉడకబెట్టావ్? ఉప్పు చూశావా?” అంది. ఆవిడ గురించి బెంగపెట్టుకోకు. మూడుపూటలా తింటోంది, మధ్యాహ్నం కునుకు తీస్తోంది. వడ్రంగి భార్యతో పోట్లాడి గెలుస్తోంది కూడా.

నేను కూడా ఇప్పుడు బాగున్నాను. ఎన్నాళ్ళుగానో పట్టని నిద్ర ఈ వారంలో పట్టింది. మనసు తేలికపడింది. షెడ్డు ఖాళీ చేశాను. బ్రష్షులన్నీ స్కూల్లో బొమ్మల మాస్టారికి ఇచ్చేస్తే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. డబ్బాల్లో మిగిలిన రంగులు మన గేటుకి వేయించాను. సగం నీలం, సగం ఎరుపు వచ్చింది. దారినపోయేవాళ్ళు సర్కసు ఎప్పుడు మొదలు అని అడుగుతున్నారు.

కుట్టుమిషను నీకు పంపిస్తున్నాను. అది అత్తయ్య కుట్టే రోజుల్లో, నువ్వు చిన్నప్పుడు, దానికోసం ఏడిచేదానివట కదా, ఆవిడే చెప్పింది. వడ్రంగిని గట్టి పెట్టె చేయమన్నాను. దారిలో దెబ్బ తగలకుండా వస్తుంది. స్కూలు బట్టలు అన్నీ కుట్టి అప్పజెప్పేశాను, ఇంక కొత్తవి ఒప్పుకోలేదు.

అత్తయ్యని కొన్నాళ్ళు నీ దగ్గరికి తీసుకెళితే బాగుంటుంది. కొండగాలి పడుతుంది ఆవిడకి. చలికాలం బట్టలు ఉతికి మడతపెట్టి ఉంచాను. మోకాళ్ళకి రాసే నూనె చిన్న సంచిలో ఉంది.

ఇక్కడ కాలంకాని కాలంలో మబ్బు పట్టింది. వారం రోజులుగా ముసురు. బట్టలు ఆరవు. నీ గాజుగోళం ఏమంటోంది? ఎండ ఎప్పుడొస్తుందో ఒక్క కార్డుముక్క రాసి పడెయ్యి.

నీ మీద నాకు కోపం లేదు చిట్టీ. ఎప్పుడూ లేదు.

నీ వదిన



బస్ స్టాండు నుంచి

వదినా,

ఇది పోస్టులో వేయను. నా చేత్తో నీ చేతికిస్తాను. బస్సు బయలుదేరడానికి ఇంకా టైముంది. రాయకుండా కూర్చుంటే బల్లకేసి తల కొట్టుకునేట్టున్నాను.

నీ ఉత్తరం పొద్దున్న వచ్చింది. ఆఫీసులో పైకి చదివి అందరినీ నవ్వించాను. ఉడకబెట్టావా అన్నదగ్గర మా అధికారి కూడా నవ్వాడు. వదిన తేరుకుందని చెప్పాను. నువ్వడిగావు కదా అని వెంటనే కార్డు తీసి రాశాను: ‘మబ్బు రేపటికి విడిపోతుంది వదినా. రేపు పొద్దున్నే మంచి ఎండ.’ అది చేరేసరికి ఎండ వచ్చేసి ఉంటుందని తెలిసినా, వెళ్ళి పోస్టుడబ్బాలో వేశాను.

కార్డు లోపల పడిన చప్పుడు వినబడింది. అక్కడే నిలబడిపోయాను.

ఎండ ఎప్పుడొస్తుందని ఎందుకడిగింది?

అక్కడే, రోడ్డుమీద, నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. మిషను ఎందుకు పంపిస్తోంది? అది ఆమె చెయ్యి కదా, కాలు కదా! కొత్త బట్టలు ఎందుకు ఒప్పుకోలేదు? అమ్మ మోకాళ్ళ నూనె ఏ సంచిలో ఉందో నాకెందుకు చెబుతోంది? ఎప్పుడూ కోపం లేదని ఎందుకు రాసింది? నేను నవ్వుతూ చదివిన ప్రతి వాక్యం ఒక్కొక్కటిగా తిరిగి నావైపు చూసింది. డబ్బాలోంచి ఆ కార్డు లాగుదామని చెయ్యి దూర్చాను. మణికట్టు దగ్గర ఇరుక్కుంది. ఎవరో పెద్దాయన “ఏమ్మా, దొంగతనమా?” అన్నాడు. అవునన్నాను.

నీకు ఫోను చేశాను. ఎత్తలేదు. వడ్రంగికి చేశాను.

“అక్క లోపలే ఉందండీ. ఇప్పుడే పెట్టె ఎంతవరకూ వచ్చిందని అడిగి వెళ్ళింది. సాయంత్రానికి అయిపోతుంది” అన్నాడు.

“ఆ పెట్టె చెయ్యొద్దు” అన్నాను.

“అదేంటండీ, పలకలు కోసేశాను.”

“తప్పు కొయ్యి. మళ్ళీ కొయ్యి. కొలత కుదరలేదని చెప్పి గంటకోసారి వాళ్ళింటికెళ్ళు. మీ ఆవిడని తీసుకెళ్ళి అమ్మ పక్కన కూర్చోబెట్టు. మా వదినని ఒంటరిగా వదలొద్దు. నేను వచ్చేదాకా.”

“మళ్ళీనా?” అన్నాడతను. ఆ గొంతు నేను చచ్చేదాకా మర్చిపోను.

డాక్టరమ్మకి కూడా చేశాను. రేపు నిన్ను తీసుకురమ్మంది. తిన్నగా అడగమని ఆవిడ చెబితే నేనేం చేశాను? నీచేత అమ్మని అడిగించాను. నిన్నెవరు అడుగుతారని ఒక్కసారైనా నాకు తట్టలేదు. నువ్వు అందరికీ కాపలా కాసేదానివని, కాపలావాళ్ళకి కాపలా అక్కర్లేదని అనుకున్నాను.

రేపు పొద్దున తేటపడుతుందని ఆఫీసు తరఫున రాసి పంపింది నేనే. ఈ ఒక్కసారి నా లెక్క తప్పితే బాగుండు.

బస్సు వచ్చింది.



పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు నుంచి

చిట్టీ,

నువ్వు రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటున్నావు. ఎదురుగా ఉంటే నోరు పెగలదు. అందుకని నీకు ఇక్కడినుంచి ఉత్తరం రాస్తున్నాను. పోస్టు ఖర్చు లేదు, నర్సు ఇస్తుంది.

ఆ రోజు ఏం జరిగిందో నాకు ముక్కలుముక్కలుగా గుర్తుంది. చెప్పనీ.

ముందురోజంతా వడ్రంగి కొలతలు తీసుకుంటూనే ఉన్నాడు. వెళ్ళడం, రావడం, మిషను చుట్టూ తిరగడం, టేపు పెట్టడం, తల గోక్కోవడం. పదేళ్ళుగా చూస్తున్నాను, అతని కొలత తప్పడం ఎప్పుడూ చూడలేదు. వాళ్ళావిడ అత్తయ్య పక్కన చాప వేసుకుని పడుకుంది. “మా ఇంట్లో కురుస్తోంది” అంది. కురవడానికి వాన అప్పటికే తగ్గింది. నాకు విసుగొచ్చింది, కోపమొచ్చింది. మనుషులందరూ కలిసి నా దారికి అడ్డంగా సామాను పడేస్తున్నట్టనిపించింది.

నిజం రాస్తాను. ఎండ కోసం చూస్తున్నాను. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. ముసురులో లేవడానికే ఓపిక ఉండేది కాదు. ఎండొస్తే ఆయనకి వచ్చినట్టే నాకూ ఓపిక వస్తుందనుకున్నాను. ఆయన వెళ్ళిన దారి ఎండదారి అని నా మనసులో పడిపోయింది. నేను ముందే నిర్ణయించేసుకున్నాను కాబట్టే నీకు అంత హాయిగా ఉత్తరం రాశాను. ఆ హాయిని నేను నమ్మాను చిట్టీ. బాగైపోయానేమో అనుకున్నాను కూడా. అదే నాకిప్పుడు అన్నిటికన్నా భయం వేస్తున్న సంగతి.

పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీశాను. బయట ఎండ లేదు. ఆకాశమంతా బూడిద రంగు. నువ్వు గుమ్మంలో నిలబడ్డావు. జుట్టు రేగిపోయి, చెప్పులు రెండూ వేరువేరు జతలవి. లోపలికి రాలేదు, పలకరించలేదు. అత్తయ్య వెనక కుర్చీలో ఉంది. నువ్వు ఊరంతా వినబడేట్టు అరిచావు:

“వదినా! చచ్చిపోదామనుకుంటున్నావా?”

వీధిలో పాలవాడు సైకిలు ఆపేశాడు. నన్ను ఇన్నాళ్ళుగా ఎంతోమంది ఎన్నో అడిగారు. తిన్నావా అన్నారు, ధైర్యంగా ఉన్నావా అన్నారు, కాగితాలన్నీ సరిచూసుకున్నావా అన్నారు. ఈ మాట ఎవరూ అడగలేదు. లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. “అవును” అని వచ్చింది. నా చెవులతో నేనే విన్నాను. ఎవరో వేరే ఆడమనిషి అన్నట్టుంది. గుమ్మంలోనే కూలబడ్డాను.

అప్పుడు అత్తయ్య లేచింది. ఆ రోజు ఆవిడకి ఎలా వినబడిందో భగవంతుడికే తెలియాలి. కర్ర కూడా తీసుకోకుండా గోడ పట్టుకుని వచ్చింది. నేను తిడుతుందనుకున్నాను. ఆవిడ కొడుకుని కాపాడలేనిదాన్ని, ఆవిడని కూడా వదిలిపోవాలనుకున్నాను కదా. నా పక్కనే కింద కూర్చుంది. ఆ మోకాళ్ళతో కింద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నా తల తన ఒళ్ళోకి లాక్కుంది.

“వాడు చెప్పకుండా పోయాడే. నువ్వు చెప్పావు. చెప్పావు కదా, ఇంక మేం చూసుకుంటాం” అంది.

అప్పుడు ఏడ్చింది చిట్టీ. కొడుకు పోయినప్పుడు రానిదంతా అప్పుడొచ్చింది. నువ్వు ఏడ్చావు, నేను ఏడ్చాను. పాలవాడు ఏం చేయాలో తోచక పాలు కొలిచి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక్కడ మందులిస్తున్నారు. నోరు ఎండిపోతోంది, చేతులు కొంచెం వణుకుతున్నాయి, అక్షరాలు చూస్తున్నావుగా. డాక్టరమ్మ రోజూ వస్తుంది. మొన్న అడిగాను, “ఆ రోజు ఎండొచ్చి ఉంటే నేనుండేదాన్ని కాదా? మబ్బు నన్ను కాపాడిందా?” అని. ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసి, “ఏమో” అంది. “మబ్బు సంగతి నాకు తెలియదు. మీ ఆడపడుచు వచ్చింది, వడ్రంగి కొలత తప్పించాడు. ఇవి మాత్రం నాకు గట్టిగా తెలుసు” అంది.

పక్కమంచం ఆవిడ గురక పెడుతోంది. ఇంక రాయలేను.

వదిన



వాతావరణ కేంద్రం నుంచి

వదినా,

నువ్వూ అమ్మా ఇంటికి క్షేమంగా చేరారని వడ్రంగి చెప్పాడు. మందులు వేసుకుంటున్నావా? వడ్రంగి భార్య ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తుంది. నేనే రమ్మన్నాను. విసుక్కో, కానీ తలుపు తియ్యి.

ఆ రోజు తేటపడుతుందని చెప్పి మబ్బు వచ్చినందుకు మా అధికారి నన్ను సంజాయిషీ అడిగాడు. పైగాలి దిశ మారిందని రాసిచ్చాను. అది నిజమే. ‘అయినా నీకు ఇంత సంతోషం ఏమిటి?’ అన్నాడు. అది సంజాయిషీలో రాయలేదు.

అయినా వదినా, నాకు ఒళ్ళు జలదరించే సంగతి ఒకటుంది. నేను ఎండ వస్తుందని భయపడి బస్సెక్కాను. ఎండ రాలేదు. నువ్వు ఆ ఉత్తరంలో ఎండ మాట ఎత్తకుండా ఉంటే? నేను మబ్బే కదా, ఇంకా టైముంది అనుకుని ఆగి ఉంటే? ఆకాశాన్ని చూసి మనిషి లోపల ఏముందో చెప్పడం నాకు రాదు. నీకూ వానలో కాపలా కాసి ఎండలో వదిలితే సరిపోతుందనిపించింది. ఇద్దరం పైకే చూశాం.

అందుకని ఇకనుంచి ప్రతి ఉత్తరంలోనూ తిన్నగా అడుగుతాను. బాగుండదేమో, మర్యాద కాదేమో, నాకనవసరం. చచ్చిపోవాలని ఉందా? ఉంటే ఎంత ఉంది? ఎప్పటినుంచి? నిజం రాయి. పోస్టు ఆలస్యమైతే ఫోను. ఫోనులో మాట్లాడలేకపోతే ఊరికే ఎత్తి పట్టుకో, నాకు అర్థమవుతుంది.

చిట్టి



ఇంటి నుంచి, షెడ్డులో మిషను పక్కన

చిట్టీ,

ఇవాళ ఎండ బాగా కాసింది. వీధిలో అందరూ పరుపులు ఎండబెట్టుకున్నారు. స్కూలువాళ్ళు కొత్త బట్టలకి కొలతలు పంపించారు, ఒప్పుకున్నాను. మూడు చొక్కాలు కుట్టాను. నాలుగోది సగంలో ఆగింది.

నువ్వడిగిన దానికి జవాబు. నిన్న లేదు. మొన్న లేదు. ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. పెద్దగా కాదు, కానీ వచ్చింది. ఎండవల్లో, ఎందువల్లో తెలియదు.

మిషను ఆపి అత్తయ్య దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదలకుండా కూర్చుంది, ఇంకో చేత్తో కిటికీ తట్టి వడ్రంగి భార్యని పిలిచింది. డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పాను. రేపు పొద్దున్నే రమ్మంది. రాత్రి బస్సుకి వడ్రంగి తోడొస్తానన్నాడు.

ఇప్పుడు నీకు చెబుతున్నాను.

వదిన